దిద్దింది షాలోమి

షాలోమి ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తే, ప్రశ్నలడిగే భార్గవ నలుగురి ముందూ నవ్వాడు. "నూజివీడు పక్కన చాట్రాయా? కోడింగ్ మీవల్ల కాదండీ. వెళ్లి మామిడికాయలు కోసుకోండి."

షాలోమి ఆ మాట మర్చిపోలేదు. వాన హెచ్చరికల కోసం అతను రాసిన ప్రోగ్రామ్ ఓపెన్ సోర్స్. ఎవరైనా చదవొచ్చు, సరిదిద్దొచ్చు. మూడు నెలలు పంతంగా చదివి తప్పు పట్టుకుంది. హెచ్చరిక ఒకరోజు ఆలస్యంగా వస్తోంది.

సరైన కోడ్ పంపి, లోకమంతా చదివేలా కింద రాసింది: "తప్పు భార్గవగారిది. దిద్దింది చాట్రాయి షాలోమి."

అతని ముఖం మాడిపోతుందనుకుంది. సాయంత్రానికి జవాబొచ్చింది.

"చాలా బాగా రాశారండీ, మీ కోడ్ కలిపేశాను. ఇంతకీ చాట్రాయి ఎక్కడండీ?"

అతనికి ఆమె గుర్తే లేదు.

షాలోమి కళ్లు తుడుచుకుని, రెండో తప్పు కోసం వెతకడం మొదలుపెట్టింది.