మే నెల మంచు

శనివారం పొద్దున్న ఆ ముసలాయన మళ్ళీ వచ్చి కంచె పక్కన నిలబడ్డాడు.

జనీన్ పార ఆపి ఒకసారి చూసింది. భర్త క్రెగ్ చిక్కుడు మొక్కలు నాటుతున్నాడు.

ఏళ్ల తరబడి వరసలో ఉంటే, మొన్న చలికాలంలో ఊరి కౌన్సిల్ వాళ్లు కూరగాయలు పండించుకోమని అద్దెకిచ్చిన మడి అది. ఆ యార్క్‌షైర్ ఊళ్లో, రైలు కట్ట కింద, అలాంటి మడులు వరసగా ఉంటాయి.

ఎండ లేతగా ఉంది. ఆపిల్ పూరేకులు గాలిలో తేలి వచ్చి తడిమట్టి మీద వాలుతున్నాయి. రైలు పోతే ఆ చప్పుడు కూడా నిద్రలో విన్నట్టే ఉంది.

కాసేపటికి తలెత్తి చూస్తే, ముసలాయన మడిలోనే ఉన్నాడు.

పాప ఆల్మా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గుప్పెడు మట్టి తీసి వాసన చూస్తున్నాడు. ఆల్మా కూడా అలాగే చూస్తోంది. ఇద్దరి ముక్కులకీ మట్టే.

జనీన్ పార పడేసి పరిగెత్తింది. పాపని దగ్గరికి లాక్కుంది.

"ఏం కావాలండీ మీకు?"

"ఏం లేదమ్మా. ఊరికే చూసిపోదామని."

"రోజూ చూస్తూనే ఉన్నారుగా. ఇది మా మడి. ఇంకెప్పుడూ లోపలికి రాకండి."

ముసలాయన మెల్లగా లేచాడు.

"నిజమేనమ్మా. మీదే," అని వెళ్లిపోయాడు.

అంత కటువుగా అనకపోతే బావుండేదన్నాడు క్రెగ్. ఊరూ పేరూ తెలియని మనిషిని పాప దగ్గరికి ఎలా రానిస్తామంది జనీన్.

ఆదివారం సముద్రానికి బయల్దేరుతుంటే కారు అద్దం మీద మంచు గడ్డకట్టి ఉంది.

క్రెగ్ మొహం వాడిపోయింది. ఇంత మంచుకి లేత చిక్కుళ్లు బతకవు.

అయినా పాప కోసం వెళ్లారు.

ఫైలీ తీరంలో నీరు వెనక్కి తగ్గి, తడి ఇసుకలో ఆకాశం పరుచుకుంది. ఆల్మా ఆ ఆకాశం మీద పరిగెత్తింది. వేడి చిప్స్ మీద వెనిగర్ చల్లుకుని, ఒకే దుప్పటి కప్పుకుని ముగ్గురూ తిన్నారు.

సాయంత్రం తిరిగొస్తూ, చచ్చిన మొక్కలు పీకేద్దామని మడి దగ్గర ఆగారు.

అటు మడిలో చిక్కుళ్లు నల్లగా మాడిపోయాయి. ఇటు మడిలోనూ అంతే.

జనీన్ వాళ్ల మడి మీద మాత్రం కిటికీ పరదాలు కప్పి ఉన్నాయి. నీలం పూలవి, గళ్లవి, మందపాటి వెల్వెట్‌వి. అంచుల మీద రాళ్లు పెట్టి ఉన్నాయి.

జనీన్ ఒక పరదా ఎత్తి చూసింది. కింద మొక్కలన్నీ పచ్చగా ఉన్నాయి.

పక్క మడి డోరీన్ గేటుకి తాళం వేయబోతూ ఆగింది. నిన్న పొద్దుగూకే వేళ స్టాన్లీ చక్రాల బండిలో ఇవన్నీ తోసుకొచ్చాడని చెప్పింది. స్టాన్లీ అంటే రోజూ కంచె దగ్గర నిలబడే ఆ ముసలాయనేనట.

జనీన్ పరదా అంచు మళ్లీ జాగ్రత్తగా కప్పింది. ఇవన్నీ ఉతికి రేపే ఇచ్చొస్తానంది.

"ఏ కిటికీలకి తల్లీ? ఇల్లు అమ్మేశాడు. మధ్యాహ్నం కూతురొచ్చి స్కాట్లండ్ తీసుకుపోయింది. ఇక రాడు."

"మరి మా మొక్కల మీదే ఎందుకు కప్పాడు?"

డోరీన్ ఆమె వంక జాలిగా చూసింది.

"ఈ మడి ఆయనదే తల్లీ, పెళ్లయిన నాటి నుంచీ. వెళ్లేదాకా ఉంచుకోమని మేమంతా అన్నాం. వరసలో తర్వాత మీరేనని తెలిసి, బడికి పోతూ కంచె పట్టుకుని చూసే మీ పాపకి ఈ వసంతం దాటిపోకూడదని, చలికాలంలోనే వదిలేసుకున్నాడు."