బాప్తిస్మం నీళ్లు

“నీల్లు కావాల బాబూ!”

నీళ్ల ఆఫీసు అద్దం వెనక ఉన్న ఇంజనీరు జనార్దన్‌కి ‘ఇల్లు’ అని వినబడింది. కౌంటర్ ముందు నిలబడ్డ మర్టిల్ ఆంటీని ఇళ్ల ఆఫీసుకి పంపేశాడు. అతను తెనాలి నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ వచ్చి ఏడాది కాలేదు. ఇక్కడి తెలుగువాళ్ల తాతలనాటి తెలుగు ఇంకా చెవికెక్కలేదు.

తెల్లవాళ్ల పాలన పోయి, నల్లవాళ్లూ ఓటేసిన తొలి ఎన్నికలైన మరుసటి ఏడు. కొత్త జెండా, కొత్త ప్రభుత్వం, పాత కౌంటర్లు.

“గుడిసెల్లో రోగమా? ఆరోగ్య శాఖకి వెళ్లు,” అంది ఇళ్ల ఆఫీసు.

“నీళ్లు చెడ్డవైతే నీళ్ల ఆఫీసునడుగు,” అంది ఆరోగ్య శాఖ.

శాఖ నుంచి శాఖకి కోతిలా గెంతి, ఆంటీ మళ్లీ మొదటి కొమ్మకే వచ్చింది.

“ఇల్లు కాదు అయ్యా, నీల్లు! తాగే నీల్లు!”

ఊరి చివర అవోకాలో ఆంటీ వాళ్ల చర్చి మిట్ట మీద ఉంది. చర్చి కుళాయికి చుక్క ఎక్కదు. కింద వాలులో రేకుల గుడిసెలు. వాళ్లకి వాగే గతి. ఆ నీళ్లు తాగి ఇద్దరు పసివాళ్లు పోయారు. ఇప్పుడు ఆ గుడిసెల్లోని చిన్నపిల్ల నోమ్‌వులా మంచాన పడింది. ఆ పేరుకి వాళ్ల జూలూ భాషలో వానపిల్ల అని అర్థం. వానపిల్ల పెదవులు ఎండిపోయాయి.

“ఆ స్థలం ఎవరిదో తేలందే ఏమీ చేయలేం ఆంటీ. రూలు.”

“ఆ పిల్ల పోతాది బాబూ!”

“మూడు శాఖలూ కూర్చుని మాట్లాడుకోవాలి.”

“ఎప్పుడు కూసుంటారు?”

జనార్దన్ ఫైలు మూసేశాడు.

“మీ రూలు నోట్లో మన్ను బడ!” అంది ఆంటీ. మిగతా తెలుగు అరిగిపోయింది గానీ, తిట్లకి ఇంకా పదును పోలేదు.

మర్నాడు తమ చర్చి పాస్టర్ ఆల్‌ఫ్రెడ్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె కళ్లు వాచి ఉన్నాయి.

“ఇంక దేవుడే దిక్కు. గుడిసెలోల్లందరికీ బాప్తిస్మం ఇస్తాం. మాది చిలకరించే సంఘం కాదు, నిలువునా ముంచాల. చర్చి తొట్టి నింపండి.”

కొత్త దేశంలో దేవుడికి అడ్డుపడ్డ ఆఫీసు అనిపించుకోవడం ఎవరికిష్టం? నీళ్ల ఆఫీసు రోజూ ట్యాంకర్ పంపింది. అంతమంది ఒకే తొట్టిలో దిగితే అంటురోగాలని ఆరోగ్య శాఖ క్లోరిన్ కలిపించింది. బాప్తిస్మానికి తెల్లబట్టలు కట్టుకొచ్చేవాళ్లు వాలులో జారిపడతారని ఇళ్ల ఆఫీసు మెట్లు కట్టించింది. ఎదురుపడితే మొహం తిప్పుకునే మూడు శాఖలూ ఒకే బల్ల దగ్గర టీ తాగాయి. మునిసిపాలిటీ కాస్తా మునిగేవాళ్ల పాలిటి దేవుడైంది.

తెల్లారకముందే మెట్ల నిండా జనం. ట్యాంకర్ ఎంత పోసినా మధ్యాహ్నానికి తొట్టి ఖాళీ.

“ఏం భక్తి!” అనుకున్నాడు జనార్దన్.

ఒక ఆదివారం మూడు శాఖలవాళ్లూ ఫొటోగ్రాఫర్‌తో సహా చర్చికొచ్చారు.

“ఇప్పటికి ఎంతమంది మునిగారు పాస్టర్ గారూ?” అనడిగాడు జనార్దన్.

పాస్టర్ తన బూట్ల వంక చూసుకున్నాడు. జబ్బు తగ్గి వరసలో ముందున్న నోమ్‌వులా చేతిలోని గ్లాసు వెనక్కి దాచుకుంది. ఆంటీ దాని తల నిమిరి, అందరికీ వినబడేలా చెప్పింది.

“ఒక్కరూ మునగలా బాబూ, అందరూ తాగినారు.”