స్కూటర్ అద్దం

అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజుకి పది అడుగుల ఫ్లెక్స్ నేనే తయారుచేస్తున్నాను. 'పెళ్లిచూపుల్లో తొలిచూపు' అని పైన పెద్దక్షరాల్లో పెట్టాను. మా ఇంట్లో ఎప్పుడూ చెప్పే కథ అదే.

నాన్న వాట్సాప్‌లో పంపిన తన పాత ఫొటోని పెద్దది చేస్తే మొహమంతా గళ్లుగళ్లుగా విడిపోయింది.

"ఇది ప్రింటుకి పనికిరాదు నాన్నా. అసలు ఫొటో ఇవ్వు."

బీరువాలోంచి తెచ్చిచ్చాడు. పెళ్లిచూపులకి ఏడాది ముందు, టౌన్‌షిప్‌లో సెక్టర్ 2 క్వార్టర్ ఎదుట, కొత్త స్కూటర్ పక్కన నిలబడి తీయించుకున్నది. ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేసి, స్కూటర్‌ని కత్తిరించబోయాను.

"స్కూటర్ తీసీకమ్మా," అన్నాడు నాన్న.

"పెళ్లిరోజు బ్యానర్లో స్కూటరేటి? అక్కడ అమ్మ ఫొటో పెట్టాలి."

"దాన్నుండనీ. మీ అమ్మకి వేరే జాగా అక్కర్లేదు."

నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వుతోంది.

ప్రెస్సుకి పంపేముందు ఫైలుని అసలు సైజులో చూసుకుంటూ దుమ్ము మరకలు తుడవడం నాకు అలవాటు. అలా తుడుచుకుంటూ స్కూటర్ హ్యాండిల్ దాకా వచ్చి ఆగిపోయాను. గుండ్రటి అద్దంలో, ఫొటో తీస్తున్న రెండు జడల అమ్మాయి ఉంది. కెమెరా వెనక సగం మొహమే కనిపిస్తున్నా, మా అమ్మని గుర్తుపట్టడానికి నాకు అది చాలు.

వెనక్కి తిరిగాను. నాన్న పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి స్క్రీన్‌లోకి వంగింది.

"పైన ఆ రాతలు తీసీ. అది మా నాన్నకి చెప్పిన కథ," అంది. కాసేపు చూసి, "ఆ అద్దం ఇంకాస్త పెద్దది చెయ్యలేవేటే?" అని అడిగింది.