పళ్లెం మీద పేరు

"శ్రవణ్ కుమార్ అని కొట్టు. అచ్చరాలు జర పెద్దగ పెట్టు. ఎవ్వరూ తప్పి అండ్ల తినొద్దు," అన్నాడు రామచంద్రయ్య, స్టీలు పళ్లెం అరుగు మీద పెడుతూ.

గిన్నెల మీద పేర్లు కొట్టే ఆయన మిషన్ వైరు బోర్డుకు తగిలించాడు. అంతే, కరెంటు పోయింది. కరెంటోళ్ళ మీద రామచంద్రయ్య భార్య సావిత్రమ్మకు ప్రేమ పుట్టడం అదే మొదటిసారి.

శ్రవణ్ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. టీబీ అని తేలిన రోజే తండ్రి వాడి మంచాన్ని ఎద్దుల కొట్టంలో వేయించాడు. రెండు నెలలుగా వాడు మందులు మింగుతున్నాడు, దగ్గు పోయింది, ఇక వీడి నుంచి ఎవరికీ అంటుకోదని దవాఖానలో చెప్పారు కూడా. అయినా కొడుకు కొట్టంలోనే, ఎద్దులు వేపచెట్టు కింద. వాటికి అంటుకుంటే ఎవుసం ఆగిపోతుందని రామచంద్రయ్య ముందుచూపు. ఇప్పుడు పళ్లెం మీద పేరు కూడా పడితే వాడు ఇక ఈ గడప తొక్కడని సావిత్రమ్మ భయం.

అప్పుడే నర్సు హెప్సిబా సంచీ తగిలించుకొని వచ్చింది. ఇంట్లో ఒకరికి టీబీ వస్తే మిగిలినవాళ్ళనూ చూడాలి కదా. రెండు రోజుల కిందటే మొగుడూపెళ్ళాలిద్దరికీ మోచేతి కింద చిన్న సూది గుచ్చింది, తెమడ డబ్బీలు పట్టుకుపోయింది. చెయ్యి ఉబ్బితే టీబీ పురుగు ఒంట్లో అడుగు పెట్టినట్టు లెక్క. వస్తూనే పళ్లెం చూసి, పళ్లాలతో టీబీ అంటుకోదనీ, దగ్గితే గాలిలో పోయి అంటుకుంటుందనీ చెప్పింది. రామచంద్రయ్యకు అక్కరలేని మాటలు చెవిన పడవు.

సావిత్రమ్మ చెయ్యి ఎర్రగా, గట్టిగా, రూపాయి బిళ్ళంత ఉబ్బింది. రామచంద్రయ్య చెయ్యి మాత్రం అలికిన కల్లంలా నున్నగా ఉంది.

"చూసినవా బిడ్డా, నా పానం ఉక్కు. అరవై ఏండ్లల ఒక్క గోలి మింగలే," అన్నాడాయన. "తల్లికొడుకులది ఒక్క తీరు. పూరీ లెక్క పొంగింది చూడు."

నవ్వాడు. నవ్వు కాస్తా దగ్గయింది. చుట్ట దగ్గని ఎవరూ అడగకముందే చెప్పాడు. పల్లి చేను పీకినప్పటి నుంచీ అదే చుట్ట, అదే దగ్గు. తరువాత పేర్లు కొట్టే ఆయన వైపు తిరిగి, పని పెరిగిందనీ, సావిత్రమ్మ పేరుతో ఇంకో పళ్లెం తెస్తాననీ అన్నాడు. ముప్పై అయిదేళ్ళు వండిపెట్టినందుకు ఆమెకు దక్కిన మర్యాద అది.

హెప్సిబా అడ్డం వచ్చింది. "పెద్దమ్మకు రోగం లేదు పెద్దనాయినా. తెమడ మంచిగనే ఉంది. లోపలికి దొంగొచ్చిండని కాపలా కుక్కలు పసిగట్టి మొరిగినయ్, గా వాపు గదే. కొన్ని దినాలు గోలీలు మింగితె సాలు."

"నా కుక్కలు మొరగలే గదా. అంటే దొంగ రానట్టే."

"దొంగ రాకున్నా మొరగవు, మత్తు పెట్టి పండవెట్టినా మొరగవు. మోకాళ్ళ నొప్పులకు ఏం వాడుతున్నవ్?"

ఏమీ వాడనన్నాడు రామచంద్రయ్య, మీసం సర్దుకుంటూ. సావిత్రమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"గోలి మింగలే అన్నది నిజమే. సూదులకే లెక్క లేదు."

ఏడాదిగా ప్రతి సంత రోజూ ఆయన ఊళ్ళో సూదులు వేసే ఆర్ఎంపీ దగ్గరికి పోతాడు. పోయేటప్పుడు కుంటుకుంటూ పోతాడు, వచ్చేటప్పుడు కోడెదూడలా గంతులేసుకుంటూ వస్తాడు. వాపూ ఉండదు, నొప్పీ ఉండదు. ఇదంతా ఆమె చెప్తుంటే రామచంద్రయ్య ఎద్దుల వైపు చూస్తూ కూర్చున్నాడు, అవి ఏమైనా సాక్ష్యం చెప్తాయేమోనన్నట్టు.

హెప్సిబా తల పట్టుకుంది. వాపంటే ఒళ్ళు రోగంతో కొట్లాడుతున్న గుర్తు. ఆ స్టెరాయిడ్ సూది మోకాలి వాపును తీసేస్తుంది నిజమే, దానితోపాటు ఒంట్లో కొట్లాడే బలాన్నంతా జోకొడుతుంది. ఇక చెయ్యి ఎలా ఉబ్బుతుందని అడిగి, సంచీలోంచి కాయితం తీసింది.

"గందుకే ఇందాక పరేషానయిన. నీ చేతిల ఏం లేదు. నీ తెమడల మాత్రం టీబీ పురుగులు నిండుగ ఉన్నయి."

రామచంద్రయ్య నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. హెప్సిబా నాలుగడుగులు వెనక్కి జరిగి, మాస్కు తీసి ఆయన చేతిలో పెట్టి, ఈ ఇంట్లో మొదట దగ్గిందెవరని అడిగింది.

"పల్లి చేను పీకిన్నాడు ఈయన," అంది సావిత్రమ్మ. "ఉగాది పోయినంక నా కొడుకు."

ఆ మాట తన నోటి నుంచే విన్నాక ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ వెంటనే ఒళ్ళు మండింది. రెండు నెలలు కొట్టం గడప మీద అన్నం పెట్టి వెనక్కి తిరిగి వచ్చిన తల్లి ఆమె. లేచి కొట్టం తలుపు బార్లా తెరిచి, ఇంట్లోకి రమ్మని కొడుకును కేకేసింది.

కరెంటొచ్చింది. మిషన్ గుర్రుమంది. ఇంతసేపూ కరెంటు కోసమే కాచుకొని కూర్చున్న పేర్లు కొట్టే ఆయన పళ్లెం ఒళ్ళో పెట్టుకొని, శ్రవణ్ కుమారేనా అని మరోసారి అడిగాడు.

"కాదన్నా, రామచంద్రయ్య," అంది సావిత్రమ్మ. "అచ్చరాలు జర పెద్దగ పెట్టు."