బియ్యపు గింజంత నీడ

“ఉంది” అంది కంప్యూటర్ ప్రోగ్రామ్.

“ఉంది” అంది చిన్న డాక్టరు.

“లేదు” అన్నాడు పెద్ద డాక్టరు.

స్క్రీన్ మీద నూట నలభై ఏడో నంబరు స్కాను. ఎవరివో ఊపిరితిత్తులు. ఎడమవైపు ప్రోగ్రామ్ ఒక ఎర్ర సున్నా చుట్టింది. అందులో బియ్యపు గింజంత నీడ.

స్కాన్లు చూసే గదిలో పట్టపగలు కూడా చీకటే. కిటికీలకు నల్ల తెరలు, గోడ పొడవునా స్క్రీన్లు. ఏసీ చలికి డాక్టర్లిద్దరూ ముడుచుకుని కూర్చున్నారు. వాళ్ల వెనకాల ప్రోగ్రామ్ తయారుచేసిన ఇంజనీరు, సొంత బిడ్డను పరీక్షకు పంపిన తండ్రిలా గోళ్లు కొరుక్కుంటున్నాడు.

నిజంగా పరీక్షే. ఈ ఆస్పత్రిలోనే నాలుగేళ్ల కిందట తీసిన స్కాన్లు రెండు వందలు బయటికి తీశారు. అన్నీ అప్పట్లో ఎవరో ఒక డాక్టరు చూసి ‘అంతా బాగుంది’ అని పంపించేసినవే. ఆ రోగుల్లో కొందరికి తర్వాత క్యాన్సర్ బయటపడింది. మనిషి కన్ను వదిలేసిన జాడను ప్రోగ్రామ్ పట్టగలదా అన్నదే పరిశోధన. పేర్లు, తేదీలు, రిపోర్టు రాసినవాళ్ల సంతకాలు అన్నీ చెరిపేసి నంబర్లు వేశారు. ప్రోగ్రామ్ ‘ఉంది’ అన్న ప్రతిదాన్నీ డాక్టర్లిద్దరూ చూడాలి. ఇద్దరూ ఔనంటేనే అది నెగ్గినట్టు.

నూట నలభై ఆరింటి దాకా ఏ పేచీ రాలేదు.

“రక్తనాళం మలుపు తిరిగిన చోటమ్మా అది” అన్నాడు పెద్దాయన. “అడ్డంగా పడితే గింజలాగే ఉంటుంది.”

“దీని పై పొరల బొమ్మలూ కింది పొరల బొమ్మలూ చూశాను సార్. నాళం అటు పోవట్లేదు.”

“మళ్లీ చూడు.”

మళ్లీ చూసింది. ఇది నాలుగోసారి. గింజ ఉన్నచోటే ఉంది.

ఆస్పత్రిలో పెద్దాయనకు ‘డేగ’ అని పేరు. ఆయన ఎదురుపడితే మన చేతిసంచిలో ఏముందో కూడా కనిపెట్టేస్తాడని నర్సులు జోకులు వేసుకునేవారు. చిన్న డాక్టరుకు పని నేర్పింది ఆయనే. “కనబడింది చెప్పు. కనబడితే బాగుండుననుకున్నది చెప్పకు” అని మొదటి రోజే గట్టిగా చెప్పాడు. అలాంటి మనిషి ఇవాళ కళ్లద్దాలు తీసి తుడుస్తున్నాడు, పెట్టుకుంటున్నాడు, మళ్లీ తీస్తున్నాడు.

ఇంజనీరుకు ఓపిక అయిపోయింది.

“ఉందని రాస్తే ఎవరికీ నష్టం లేదు సార్. అప్పట్లో చూసినాయన వదిలేశారని తేలుతుంది, అంతే. ఆయనెవరో మనకు తెలీదు. తెలుసుకోం కూడా.”

“నష్టం లేదా?” అన్నాడు పెద్దాయన.

ఆ మాటకు ఆమె మనసు చివుక్కుమంది. ఆయన బాధ ఆమెకు తెలుసు. ఆయన భార్య పోయి ఏడాదైంది. ఆవిణ్ణి తను పిన్నిగారూ అని పిలిచేది. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆయన క్యారేజీలో ఇద్దరికి సరిపడా సర్ది పంపేది, “మా అమ్మాయి కూడా తింటుంది” అని. పిల్లలు లేరు. ఆవిడ పోయిన వారానికే ఆయన డ్యూటీకి వచ్చేశాడు. ఈ చీకటి గదీ, ఆ కళ్లూ తప్ప ఇంకేం మిగల్లేదు ఆయనకు. ఇప్పుడు ఆ కళ్లకంటే నిన్నగాక మొన్న పుట్టిన ప్రోగ్రామే నయమని సంతకం పెట్టమంటే ఎవరికైనా చెయ్యి ఎలా వస్తుంది?

“పోనీ దీన్ని పక్కన పెట్టేద్దామా?” అంది ఇంజనీరుతో, మెల్లగా. “రెండు వందల్లో ఒకటేగా.”

“నచ్చనివి పక్కన పెట్టుకుంటూ పోతే అది పరిశోధన ఎలా అవుతుంది మేడమ్?”

అడిగినందుకు ఆమెకు సిగ్గేసింది.

పెద్దాయన కుర్చీని స్క్రీన్ దగ్గరకు జరుపుకున్నాడు. బొమ్మలు ఒక్కొక్కటే పైకీ కిందికీ పోనిస్తూ కూర్చున్నాడు. ఇంజనీరు వెళ్లి టీ తాగి వచ్చాడు. అప్పటికీ ఆయన అక్కడే ఉన్నాడు.

“ఇంత చిన్నగా ఉండగా పట్టుకుని ఉంటే...” అని ఆగాడు.

“కోసి తీసేస్తే సరిపోయేది సార్” అందామె. “మాకు పాఠం చెప్పింది మీరేగా.”

ఆయన తలూపాడు. కాగితం దగ్గరకు లాక్కుని ‘ఉంది’ అన్నచోట టిక్కు పెట్టి, కింద సంతకం చేశాడు.

ఇంజనీరు ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. “ఇంత అనుభవం ఉన్నవాళ్లు ఒప్పుకోవడం మామూలు విషయం కాదు సార్” అన్నాడు. ఆయన మెల్లగా చెయ్యి విడిపించుకుని బయటికి నడిచాడు.

వరండాలో వెలుతురు కళ్లలో గుచ్చుకుంది. ఆమె పరుగులాంటి నడకతో ఆయన్ని అందుకుంది.

“యంత్రం గెలిచిందనుకోకండి సార్. నేను మీ శిష్యురాల్నేగా. నేను పట్టానంటే మీరు పట్టినట్టే.”

“దాని సంగతి కాదమ్మా. అప్పట్లో ఆ స్కాను చూసి ‘అంతా బాగుంది’ అని రాసింది నేనే.”

ఆమె తడబడింది. వెంటనే సర్దుకుంది.

“అయితే ఏమైంది సార్? ఆ రోజుల్లో పూటకు యాభై చూసేవారు. ఎవరికైనా జరుగుతుంది. అయినా పేరు లేదు, తేదీ లేదు, మీరు చూసిందేనని ఎలా చెప్పగలరు?”

ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“ఆ నీడ కింద పక్కటెముక ఎప్పుడో విరిగి అతుక్కుని ఉంది చూడు... పెళ్లయిన కొత్తలో నా స్కూటరు మీంచి పడింది మీ పిన్ని.”