తలుపు చప్పుడు

ఇప్పటి కార్లకు సొట్ట పడితే, యజమాని కాఫీ తాగి వచ్చేలోపు రేకు తనంతట తానే సర్దుకుంటుంది. తలుపులు చప్పుడు లేకుండా మూసుకుంటాయి. ఆటోనగర్‌లో సుత్తి పట్టే టింకర్ని నేనొక్కడినే మిగిలాను.

కనకవల్లిగారు, చనిపోయిన తన భర్త నడిపిన పాత పెట్రోలు కారును బాగుచేయమని ఇచ్చారు. తుప్పు తిన్న రేకు కోసేసి, కొత్త రేకును ఇనప దిమ్మ మీద సాగగొట్టి, డ్రైవరు తలుపు సందు పైనుంచి కిందిదాకా ఒక్కలా వచ్చేటట్టు కుదిర్చాను. నా చేతికి అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

ఆమె వచ్చి, కారును చూడనైనా చూడకుండా అటు తిరిగి నిలబడ్డారు.

"ఒకసారి తలుపు వెయ్యండి మస్తాన్ గారూ."

వేశాను. మెత్తగా పడింది.

"ఇది కాదండీ. ఆయన కాస్త పైకెత్తి గట్టిగా వేసేవారు. వంటింట్లోకి వినపడేది. అది విన్నాకే నేను చారు వేడిచేసేదాన్ని."

"మడతబందులు వదులై తలుపు జారిపోతే వచ్చే చప్పుడమ్మా అది! దాన్ని సరిచెయ్యడానికేగా ఇన్నాళ్ళు నేను చచ్చింది?"

ఆమె ఇటు తిరగలేదు.

నాలో నేను తిట్టుకుంటూనే మడతబందుల బోల్టులు పానాతో వదులు చేశాను. నా అందమైన సందు వంకరపోయింది. తలుపు పైకెత్తి, బలంగా వేశాను.

"కాళ్ళు కడుక్కుని రండి, వడ్డించేస్తాను," అన్నారామె, వెనక్కి తిరక్కుండానే.

చేతిలోని పానాను చప్పుడు కాకుండా నేల మీద పెట్టాను.