ఆఖరి గౌను

"ఇదే ఆఖరి గౌను, టీచరమ్మా. ముప్పై ఏళ్ళు మిషను తొక్కినాను. ఇంక పనిమీద మనసు నిలవడంలేదు. సాయంత్రం బుచ్చిరెడ్డిపాలెం నుంచి మనిషొచ్చి మిషను కొనుక్కుపోతాడు" అన్నాడు మైపాడు దర్జీ మహబూబ్ బాషా.

ప్రేమలీల టీచరు తన కూతురి క్రిస్మస్ గౌను తిరగేసి చూసింది.

"అంచు కింద ఇంత గుడ్డ మడిచి కుట్టినారేంది, భాయ్?"

"ఎదిగే పిల్ల కదమ్మా! వచ్చే క్రిస్మస్‌కి తీసుకురా, కుట్లిప్పి పొడుగు చేసిస్తా."

"మిషను అమ్మేసి ఎట్టా చేస్తారు?"

బాషా మెడలోని టేపు తడుముకున్నాడు. ఆనక పకపకా నవ్వాడు.

సాయంత్రం మిషను కొనడానికి వచ్చిన మనిషి, చొక్కాకి కొలతలిచ్చి వట్టి చేతులతో బస్సెక్కాడు.